తడిస్తే ఎవరి ఖాతా?

మొన్న ఫెస్ట్ కమిటీ మీటింగ్‌లో పాస్ డిజైన్ స్క్రీన్ మీద వేశారు. రంగులు బాగున్నాయి, అక్షరాలు బాగున్నాయి, అందరూ "సూపర్ రా" అన్నారు. అడుగున క్యూఆర్ కోడ్ పక్కన చీమ తలంత అక్షరాల్లో ఒక లైను ఉంది: ఎట్టి పరిస్థితుల్లోనూ డబ్బు వాపసు ఇవ్వబడదు. "ఈ లైను ఎవరు పెట్టారు?" అని అడిగాను. ఎవరూ పెట్టలేదట. పోయినేడాది పాస్‌లో ఉంటే అదే దించేశారు. పోయినేడాది వాళ్ళు అంతకు ముందేడాది దాంట్లోంచి దించి ఉంటారు. "మన గ్రౌండ్‌కి పైకప్పు లేదు కదా, ఆ రోజు వాన పడితే?" అన్నాను. "మార్చిలో వానేంట్రా" అని ఒకడు. "పడితే పడనీ, సింగర్‌కి అడ్వాన్స్ ఇచ్చేశాం, మనమేం చేస్తాం" అని ఇంకొకడు. తర్వాత మాట స్పాన్సర్ల లోగోలు ఎంత సైజులో ఉండాలన్న దాని మీదకి వెళ్ళిపోయింది.

నేను మాత్రం ఆ లైను దగ్గరే ఉండిపోయాను. ఎందుకో చెప్పాలంటే 2025 దసరా సెలవుల దగ్గరకి వెళ్ళాలి.

మాది పిడుగురాళ్ళ. ఊరి పేరులోనే పిడుగు ఉంది కాబట్టి వాతావరణం గురించి మాట్లాడే హక్కు నాకు పుట్టుకతోనే వచ్చిందనుకోండి. పల్నాడులో మా ఊరంటే సున్నం. మా నాన్న ఒక సున్నం బట్టీలో గుమస్తా, ఇరవై ఏళ్ళకు పైగా. ఆ ఉద్యోగంలో మబ్బు చూడటం కూడా ఒక పనే. కాల్చి తీసిన సున్నం మీద నీళ్ళు పడితే ఏమవుతుందో మనం ఇంటర్‌లో చదివాం. కాల్షియం ఆక్సైడ్ కాస్తా కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది, బోలెడు వేడి పుడుతుంది. మనకది రెండు మార్కుల ఈక్వేషన్. బట్టీలో అది ఒక లారీడు సరుకు. తడిసిన సున్నం సలసలా కాగి, ఉబ్బి, పొడైపోతుంది. చెయ్యి పెడితే బొబ్బలే.

అందుకే లోడు కదలక ముందే అక్కడ ఒక ప్రశ్న తేల్చుకుంటారు. దారిలో తడిస్తే ఎవరి ఖాతా? కాటా దిగేదాకా బట్టీ ఖాతా. పట్టా కప్పి తాడు బిగించాక లారీవాళ్ళ ఖాతా. పట్టాకి చిరుగుందని ముందే చెప్పినా వినకుండా "పర్లేదు పంపించండి" అని కొన్నాయన తొందరపడితే ఆయన ఖాతా. నాన్న వాళ్ళ బట్టీలో ఇదంతా నోటి మాట మీదే నడుస్తుంది, రాతకోతలు ఉండవు. కానీ ఆ ప్రశ్న మాత్రం ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నప్పుడు గట్టిగా, వినపడేలా అడుగుతారు. చిన్నప్పుడు సెలవుల్లో ఆ ఆఫీసు బల్ల పక్కన కూర్చుని ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి, ఆ ప్రశ్న అడగడానికి ఎదురుగా ఎవరూ లేని చోట నిలబెట్టాను.

తిరుపతి తప్ప మా ఐదుగురం కలిసి ఊరు దాటి రాత్రి ఎక్కడా పడుకున్నది లేదు. నాన్న, అమ్మ, నాయనమ్మ, తొమ్మిదో తరగతి చెల్లి, నేను. చెల్లి క్లాసులో ముగ్గురు హైదరాబాద్ శివార్లలో ఉన్న ఒక థీమ్ పార్క్‌కి వెళ్ళొచ్చారు. పేరెందుకు లెండి. వాళ్ళ ఫోటోలు చూసినప్పటి నుంచీ మా ఇంట్లో "మనమెప్పుడు?" అనే మాట తిరుగుతూనే ఉంది. ఆ మాటకి రెండేళ్ళు నిండాక, నాన్న చిట్టీ పాడుకున్న నెలలో, "సరే, దసరాకి" అన్నారు.

ఎప్పుడు వెళ్ళాలన్నది మా చేతిలో ఉండదు. సిటీలోనే పుట్టి పెరిగిన ఫ్రెండ్స్‌కి ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. ఎండాకాలం సెలవుల్లో వెళ్ళొచ్చు కదా అంటారు. మాకు దగ్గర్లోనే రెంటచింతల. మే నెలలో టీవీలో ఆ ఊరి పేరు ఎందుకు వినపడుతుందో మీకూ తెలుసు. డెబ్భై దాటిన నాయనమ్మని ఆ ఎండల్లో ప్రయాణం పెట్టి క్యూలో నిలబెట్టలేం. సంక్రాంతికి ఊరికి వచ్చేవాళ్ళే గానీ ఊరొదిలి పోయేవాళ్ళు ఎవరుంటారు? ఇక మిగిలింది దసరా. అది సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో వస్తుంది. నైరుతి రుతుపవనాలు మన దగ్గర నుంచి పూర్తిగా తప్పుకునేసరికి అక్టోబరు సగమవుతుంది. అంటే మాకు సెలవులిచ్చే టైముకి వానకి ఇంకా సెలవులు మొదలవ్వవు.

"యాప్ చూసుకుని వెళ్ళాలి బ్రో" అని మా రూమ్మేట్ తేల్చేశాడు. చూస్తాం. కానీ లెక్క చూడండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. పండగ రోజుల్లో ఆ వారంలో కొనకపోతే ఐదు బెర్తులు ఒక్క చోట దొరకవు. కొంచెం నమ్మదగ్గ వాన కబురు వచ్చేది నాలుగైదు రోజుల ముందు. ఆ మధ్యలో ఉన్న 55 రోజులూ ఎవరి ఖాతా? మాదే. పార్క్ టికెట్లు రెండు వారాల ముందు నేనే ఫోన్లో బుక్ చేశాను, ముందుగా కొంటే పది శాతం తగ్గింపు ఉందని. ఐదుగురికి భోజనంతో కలిపి 6,000. ఆ తగ్గింపు చూసి అప్పుడు తెలివైనవాణ్ణి అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది తగ్గింపు కాదు, వాన బరువు నా నెత్తికెత్తుకున్నందుకు ఇచ్చిన కూలి. అదీ చాలా తక్కువ కూలి. "నిబంధనలు అంగీకరిస్తున్నాను" అన్న పెట్టెలో టిక్ కొట్టింది కూడా నేనే. చదవలేదు. మీరు చదువుతారా?

సెప్టెంబర్ 25న పొద్దున్నే పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాం. స్టేషన్ దగ్గర్లోనే లాడ్జి. సాయంత్రం ట్యాంక్‌బండ్. సన్నగా తుంపర. నాయనమ్మ ఒడ్డునే నిలబడి బుద్ధుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ విగ్రహాన్ని 1990లో నీళ్ళ మీద తెస్తుంటే మునిగిపోయిందని, బయటికి తీసి 1992లో నిలబెట్టారని నేను చెబితే, "అయితే రెండేళ్ళు నీళ్ళలోనే ఉన్నాడా నాయనా" అని జాలిపడింది. లాడ్జికొచ్చి టీవీ పెడితే "ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు" అంటున్నారు. వాతావరణ శాఖ వాడే ఈ మాటలు ఊరికే అనేవి కావు, కొలతలు. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలో నాలుగో వంతు లోపు కేంద్రాల్లో. భారీ వర్షం అంటే ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటినది. ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నాను. ఆ రాత్రి మాత్రం "ఒకటి రెండు చోట్లేగా, మనం వెళ్ళేది అందులో ఎందుకుంటుంది" అనుకుని ఛానల్ మార్చేశాను. చెల్లి అప్పటికే కొత్త చెప్పులు తలుపు దగ్గర పెట్టుకుని పడుకుంది.

26న శుక్రవారం. గేటు దగ్గర బ్యాగులు వెతికి బయటి తిండి కుదరదని నాయనమ్మ జంతికల డబ్బా తీసుకుని టోకెన్ ఇచ్చారు. ఆవిడ ఆ టోకెన్‌ని ముడుపులా కొంగున కట్టుకుంది. లోపల రెండు రైడ్లు ఎక్కాం. మూడోదాని క్యూలో సగం దూరం వచ్చేసరికి వాన. ముందు అందరూ కేకలు పెట్టి నవ్వారు. పావుగంటకి నవ్వులు ఆగాయి. మైకులో వాతావరణ కారణాల వల్ల రైడ్లు తాత్కాలికంగా నిలిపివేశామని చెప్పారు. ఆ "తాత్కాలికంగా" అన్న మాట మమ్మల్ని మూడున్నర గంటలు ఒక రేకుల షెడ్డు కింద నిలబెట్టింది. లోపలి ఆటలున్న హాలు ముందు లైను షెడ్డు చివరి దాకా ఉంది. అమ్మ తన చీర కొంగుతోనే నాయనమ్మ తల మూడుసార్లు తుడిచింది.

నాన్న ఇంక ఆగలేక పెద్ద ఊయల రైడ్ దగ్గరకి వెళ్ళారు. అక్కడ ప్లాస్టిక్ రెయిన్‌కోట్‌లో ఒక కుర్రాడు, నా వయసువాడే, గేటుకి గొలుసు వేసి కాపలా ఉన్నాడు.

"వాన తగ్గింది గదా అబ్బాయ్, ఒక్కసారి తిప్పు. పిల్ల రెండేళ్ళ నుంచీ అడుగుతోంది."

"లేదు సార్, ఆర్డర్ రాలే."

"మరి డబ్బులిచ్చాం గదా? ఆడించకపోతే ఎవరి ఖాతా ఇది?"

ఆ కుర్రాడికి ఈ ప్రశ్న అర్థం కాలేదు. "నాకు తెల్వద్ సార్" అన్నాడు. నాన్న గొంతు పెరిగింది. చుట్టూ జనం చూస్తున్నారు, ఇద్దరు ఫోన్లు కూడా ఎత్తారు. నేను పరిగెత్తుకెళ్ళి నాన్న మోచెయ్యి పట్టుకుని, "నాన్నా, పరువు తీయకు, రా" అన్నాను.

నాన్న వెంటనే ఆగిపోయారు. ఒక్క మాట మాట్లాడకుండా షెడ్డులోకి వచ్చి నిలబడ్డారు. ఆ తర్వాత ఆ రోజంతా ఎవరినీ ఏమీ అడగలేదు.

ఇక్కడ రెండు విషయాలు విడదీసి చెప్పాలి. మొదటిది, ఆ కుర్రాడిది తప్పు కాదు. మనం ఇంజినీరింగ్ చదువుతున్నాం, ఆ మాత్రం ఒప్పుకోవాలి. రాపిడి మీద పనిచేసే బ్రేకు తడిస్తే పట్టు తగ్గుతుంది, ఆగాల్సిన చోట ఆగదు. అయస్కాంతాలతో ఆపే బ్రేకులకి తడితో పెద్ద పనిలేదు గానీ, ఎత్తైన ఉక్కు కట్టడం మీద జనాన్ని కూర్చోబెట్టినప్పుడు గాలి, మెరుపు చాలు, ఏ బ్రేకూ లెక్కలోకి రాదు. నేను క్షమాపణ చెబుదామని మళ్ళీ అతని దగ్గరకి వెళితే, "అన్నా, పిడుగు పడితే ఫస్ట్ పోయేది నేనే, ఈ రాడ్ పట్టుకుని నేనే గద నిలబడ్డ" అన్నాడు. మీదే ఊరని అడిగాడు. చెప్పాను. కాసేపు నా మొహం చూసి పకపకా నవ్వాడు.

రెండోది, నాన్న అడిగిన ప్రశ్న కూడా తప్పు కాదు. అడిగిన మనిషే తప్పు. సరైన మనిషి ఎక్కడున్నాడని వెతికితే, గేటు పక్కన ఒక కౌంటర్ దొరికింది. అక్కడి మేడమ్ చాలా మర్యాదగానే మాట్లాడింది. నా ఫోన్లోనే టికెట్ తెరిపించి, వేలితో కిందికి జరుపుతూ జరుపుతూ, ఎక్కడో అట్టడుగున ఇంగ్లీషులో ఉన్న ఒక వాక్యం చూపించింది. వాతావరణం వల్ల రైడ్లు ఆగితే డబ్బు తిరిగి ఇవ్వరు, తేదీ మార్చరు. "మీరు యాక్సెప్ట్ చేశారు కదండీ" అంది. నాన్న ఆ మాట విని నా వైపు చూశారు. తిట్టే చూపు కాదు. లెక్కలో ఎక్కడ తేడా వచ్చిందో దొరికినప్పుడు ఖాతా పుస్తకం మీద నుంచి తలెత్తి చూసే చూపు.

బయట బస్ షెల్టర్‌లో కూర్చుని జంతికలు తిన్నాం. డబ్బాలోకి తేమ పోలేదు, ఆ రోజు మా సామాన్లలో తడవనివి అవొక్కటే. నాయనమ్మే అంది, "ఆ దేవుడు రెండేళ్ళు నీళ్ళలో ఉన్నాడు, మనం ఒక పూట ఉంటే ఏమైందిరా" అని. అందరం నవ్వాం, నాన్న కూడా. రాత్రి లాడ్జిలో లైటు తీసేశాక మెల్లగా అడిగారు, "అందులో అట్టా రాసుందని నువ్వు చదివావా?" అని. లేదన్నాను. "చదువుకున్నోడివి నువ్వే చదవకపోతే ఎట్టా నాయనా" అన్నారు. అంతే. పరువు గురించి నేనన్న మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

అదే రాత్రి జంట జలాశయాల నుంచి వదిలిన నీళ్ళతో మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి వచ్చేసింది. తెల్లారి టీవీలో చూశాం. ప్రయాణికులు పిల్లల్ని, సంచుల్ని ఎత్తుకుని నీళ్ళలోంచి బయటికొస్తున్నారు. దాని ముందు మాది ఒక కష్టమే కాదు. మీకు గుర్తుందో లేదో, 1908లో మూసీ మహా వరద వచ్చింది సెప్టెంబర్ 28న. సరిగ్గా అదే వారం. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని హైదరాబాద్‌కి పిలిపించారు. ఏటా సెప్టెంబర్ 15న మనం దండ వేసే ఆయనే. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఒక రకంగా అదీ ఖాతా ప్రశ్నే. అంతదాకా నది పొంగితే ఒడ్డున గుడిసె వేసుకున్నవాడి ఖాతా. ఆ తర్వాత ఆ బరువులో కొంతైనా ప్రభుత్వం తన ఖాతాలో వేసుకుంది. 2025లో నీళ్ళు ఎందుకొచ్చాయన్నది వేరే పెద్ద కథ, దాన్ని సివిల్ వాళ్ళకి వదిలేస్తున్నాను.

మా 27వ తేదీ గురించి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం అన్నీ మూసీ అవతలే కాబట్టి అటు వెళ్ళే ధైర్యం చేయలేదు. ఏం చేయాలో తోచక మెట్రో ఎక్కాం. సికింద్రాబాద్ వైపు నుంచి రాయదుర్గం దాకా, మళ్ళీ వెనక్కి. వాన కిటికీల మీద పడుతుంటే లోపల పొడిగా, చల్లగా కూర్చుని నాయనమ్మ సిటీ మొత్తం పైనుంచి చూసింది. మేడల మీద ఆరేసి మర్చిపోయిన బట్టలన్నీ లెక్కపెట్టింది. తలుపులు వాటంతట అవే తెరుచుకున్నప్పుడల్లా ఎవరో లోపల కూర్చుని తీస్తున్నారనే నమ్మింది. చెల్లి దుర్గం చెరువు దగ్గర వీడియో తీసుకుంది. ఐదుగురికీ కలిపి అయిన ఖర్చు పార్క్‌లో ఒక్కరి టికెట్లో సగం కూడా లేదు. ఇది చెప్పగానే మీలో కొందరు "చూశావా, ఆనందం డబ్బులో లేదు" అంటారని తెలుసు. అనకండి. చెల్లికి కావాల్సింది మెట్రో కాదు, ఆ పెద్ద ఊయల. అది ఎక్కకుండానే రైలెక్కింది. వాళ్ళ క్లాసులో ఇప్పటికీ నలుగురు వెళ్ళొచ్చారనే లెక్క ఉంది గానీ, నాలుగో మనిషి ఏం చూసిందో ఎవరికీ చెప్పలేదు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇదీ. వాన అందరి మీదా పడుతుంది, కానీ అందరికీ ఒకే ఖరీదు పడదు. ఆ వానాకాలంలోనే పెద్ద వానలప్పుడు ఐటీ ఉద్యోగుల్ని ఇంటి నుంచి పని చేయనివ్వమని కంపెనీలకి పోలీసులు చెప్పారు. మంచిదే. ఆ ఉద్యోగి ఆ పార్క్‌కి వచ్చే ఆదివారమో, ఆపై ఆదివారమో వెళ్ళగలడు. మాకు అదొక్కటే శుక్రవారం. పార్క్‌కి ఏడాదికి 365 రోజులు. ఈ రోజు పోతే రేపటితో పూడుతుంది. మనం ప్రాబబిలిటీ క్లాసులో చదివేది ఇదే కదా. ఎక్కువ రోజులున్నవాడికి సగటు దొరుకుతుంది, ఒక్క రోజే ఉన్నవాడికి అదృష్టమో దురదృష్టమో ఏదో ఒకటే దొరుకుతుంది. మరి వాన బరువు ఎవరు మోయాలి? సగటు దొరికేవాడా, ఒక్క రోజువాడా? మన నిబంధనలన్నీ ఒక్క రోజువాడి మీదే వేస్తున్నాయి. అదీ అతనికి రాని భాషలో, అతను చూడని చోట.

"జీతాలు, కరెంటు వానొచ్చినా ఆగవు కదా, పార్క్ మాత్రం ఏం చేస్తుంది?" అని మా కమిటీ ట్రెజరర్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఊరికే లెక్క కోసం అనుకుందాం. ఏడాదిలో 20 రోజులు వాన వల్ల సగం సగం పాడయ్యాయి. అంటే మొత్తం 10 రోజులు. రోజూ ఒకే సంఖ్యలో జనం వస్తారనుకుంటే, ఆ 10 రోజుల డబ్బు తిరిగిచ్చేయడానికి 1,200 రూపాయల టికెట్ మీద ఇంచుమించు 33 రూపాయలు ఎక్కువ తీసుకుంటే సరిపోతుంది. నిజం లెక్క ఇంతకన్నా చిక్కుగా ఉంటుందని ఒప్పుకుంటాను. రెండింతలే అనుకోండి, 66. లోపల మేం కొన్న రెండు వాటర్ బాటిళ్ళు అంతకన్నా ఎక్కువ. మా నాన్నని గేటు దగ్గర నిలబెట్టి "వానొస్తే వెనక్కిచ్చే టికెట్ కావాలా, 66 ఎక్కువవుతుంది" అని తెలుగులో అడిగి ఉంటే, ఆయన ఐదుగురికీ తీసుకునేవారు. వద్దనుకుని తడిసి ఉంటే నోరెత్తేవారు కాదు. బట్టీ మనిషి, మాట మీద నిలబడతారు.

ఇదేం లోకంలో లేని వింత కోరిక కాదు. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమైతే ప్రయాణం మానుకుని మొత్తం డబ్బు అడగొచ్చు. మంచుదో వానదో రైల్వే తప్పు కాకపోయినా సరే. ఇంగ్లండ్‌లో టెస్ట్ మ్యాచ్ రోజు వానకి ఆట అసలే జరగకపోతే డబ్బు వెనక్కిస్తారు, కొన్ని ఓవర్లే పడితే కొంత భాగం ఇస్తారు. మన దగ్గరే 2025 మే నెలలో బెంగళూరులో ఒక్క బంతి కూడా పడని ఐపీఎల్ మ్యాచ్‌కి టికెట్ డబ్బు తిరిగిచ్చారు. అమెరికాలో బేస్‌బాల్ వాళ్ళయితే పంతొమ్మిదో శతాబ్దంలోనే వాన పడితే మళ్ళీ రావడానికి చీటీ ఇచ్చేవాళ్ళు. మనం ఇప్పుడు "రెయిన్ చెక్" అంటున్నది ఆ చీటీనే. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో కూడా "అన్యాయమైన ఒప్పందం" అని ఒక నిర్వచనం ఉంది. వినియోగదారుడికి నష్టం చేసే అసమంజసమైన షరతు పెట్టడం అందులో ఒకటి. వాన షరతు దాని కిందకి వస్తుందా అన్నది లాయర్లు తేల్చాలి. నేను అంటున్నది, టిక్ కొట్టించుకున్నంత మాత్రాన అడిగే హక్కు పోయిందని మనం అనుకోనక్కర్లేదని.

ఇంకొక మాట. డబ్బు ఇవ్వలేకపోతే "ఏడాదిలో మళ్ళీ రండి" అని కూపన్ ఇస్తే చాలు కదా అంటారు. సిటీవాళ్ళకి చాలు. మాకు ఆ కూపన్‌తో పాటు రైలు, లాడ్జి, చిట్టీ కూడా మళ్ళీ కావాలి. కనీసం ఆ కూపన్ వేరేవాళ్ళ పేరు మీదకి మార్చుకోనివ్వాలి. కూకట్‌పల్లిలో ఉండే మా పిన్ని పిల్లలైనా వెళ్ళేవాళ్ళు.

పార్క్‌ల నిబంధనలు నేను ఈ మ్యాగజైన్‌లో రాస్తే మారవు. అది నాకూ తెలుసు. కానీ ఫెస్ట్ పాస్ మన చేతిలోనే ఉంది. అక్కడ 350 రూపాయలు పెట్టి కొనేది మనమే, ఆ లైను రాసేదీ మనమే. మార్చిలో వానేంటి అన్న ఫ్రెండ్‌కి ఒక్క మాట. వడగళ్ళు పడి పంట పోయిందన్న వార్త మార్చిలో మీరెప్పుడూ వినలేదా? ఇంట్లో మామిడి తోట ఉన్నవాళ్ళు మన క్లాసులోనే ఇద్దరున్నారు, అడగండి. హాస్టల్‌లో నెలాఖరుకి 350 అంటే ఏంటో తెలిసినవాళ్ళు ఇద్దరికన్నా ఎక్కువే ఉన్నారు.

అందుకని పాస్ మీద ఆ పాత లైను తీసేసి రెండు లైన్లు రాశాను. పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ముందు వైపే. వాన వల్ల ప్రోగ్రాం అసలు మొదలవకపోతే మొత్తం డబ్బు వాపసు. పాస్‌ని ఫెస్ట్ ముందు రోజు దాకా ఇంకెవరికైనా మార్చుకోవచ్చు. సింగర్ అడ్వాన్స్ మాటేంటంటే, ఆయనతో చేసుకునే ఒప్పందంలోనే వానకి ఒక ప్రత్యామ్నాయ తేదీ అడగమని ట్రెజరర్‌కి చెప్పాను. అడ్వాన్స్ పోయింది గానీ మిగతా డబ్బు ఇంకా మన దగ్గరే ఉంది, ఇప్పుడడిగితే వింటారు.

నిన్న రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఈ రెండు లైన్లూ నాన్నకి చదివి వినిపించాను. ఆ రోజు నేనన్న మాటకి సారీ చెబుదామనే చేశాను నిజానికి. చెప్పాను కూడా. "దానికేముందిలేరా" అన్నారు. తర్వాత కాసేపు ఆగి, "అదట్టా ఉంచు. సగం ఆటయ్యాక వానొస్తే ఎవరి ఖాతా? అది రాయలేదే" అన్నారు.

నిజమే, రాయలేదు. శుక్రవారం పాస్ ప్రింట్‌కి వెళుతుంది. ఆలోపు మూడో లైను ఎలా ఉండాలో తోచినవాళ్ళు నాకు చెప్పండి.